ఇంట్లో మరణం తర్వాత గది శుభ్రం చేసేవాళ్లకు ఫోన్ చేసే ముందు ఏం సిద్ధం చేసుకోవాలి

మా పెదనాన్న కూకట్‌పల్లిలో ఫ్లాట్‌లో ఒక్కరే ఉండేవారు. పెద్దమ్మ పోయి ఆరేళ్లు, కొడుకు, అంటే నాకు తమ్ముడు, డాలస్‌లో. మే నెల ఎండల్లో, నిద్రలోనే పోయారు. తలుపు దగ్గర పాల ప్యాకెట్లు పేరుకుపోయాయని వాచ్‌మన్ నాలుగో రోజు నాకు ఫోన్ చేశాడు. పోలీసులు వచ్చి తాళం పగలగొట్టారు, పంచనామా రాశారు, పోస్ట్‌మార్టంకి తీసుకెళ్లారు. అందరూ వెళ్లిపోయాక ఆ గది మాత్రం అలాగే మిగిలింది. గది శుభ్రం చేయడం పోలీసుల పనీ కాదు, అంబులెన్స్ వాళ్ల పనీ కాదు, అది ఇంటివాళ్ల మీదే పడుతుందని నాకు ఆ రోజు దాకా తెలియదు.

అరగంటలో వాచ్‌మన్ భార్య బకెట్టు, ఫినాయిల్, ఒక పాత చీర పట్టుకుని పైకి వచ్చింది. "మీరు కింద కూర్చోండమ్మా, నేను కడిగేస్తాలే" అంది. నేను సరే అన్నాను. ఆమె చేతికి గ్లౌజులు లేవు, కాలికి చెప్పులు లేవు. పది నిమిషాల తర్వాత, ఫోన్‌లో ఉన్న మా తమ్ముడు, "అక్కా, అక్కడ ఎవరు తుడుస్తున్నారు?" అని అడిగాడు, అప్పుడు పరిగెత్తి ఆపాను. ఆ పది నిమిషాలు నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఇలాంటి రోజు మీకు వస్తే బుర్ర పనిచేయదు కాబట్టి, ఏది ముందు ఏది తర్వాత అన్నది నేను నేర్చుకున్న వరసలో రాస్తున్నాను. ఒంటరిగా పోయి ఆలస్యంగా తెలిసిన మరణమైనా, ఆత్మహత్యైనా, ప్రమాదమైనా, హత్యైనా వరస దాదాపు ఇదే.

ముందు: ఆ గది మీ చేతికి వచ్చిందా?

ఇంట్లో అసహజంగానో ఒంటరిగానో ఎవరైనా చనిపోయారని తెలిసి ఇంకా పోలీసులకు చెప్పకపోతే, ఏదీ ముట్టుకోకుండా బయటికి వచ్చి 112కి చేయండి. 2024 జూలై 1 నుంచి ఇలాంటి మరణాల మీద విచారణ కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 194వ సెక్షన్ కింద జరుగుతోంది (అంతకుముందు సీఆర్పీసీ 174 అనేవాళ్లు), స్టేషన్‌లో కాగితాల మీద ఆ నంబరు కనిపిస్తే కంగారు పడకండి, అది మీ మీద కేసు అని కాదు.

పోస్ట్‌మార్టం అయిపోయింది కదా అని గది కడిగేయకూడదు. శవాన్ని అప్పగించడం వేరు, గదిని అప్పగించడం వేరు. క్లూస్ టీమ్ మళ్లీ రావాల్సి ఉండొచ్చు, ఫోటోలు మిగిలి ఉండొచ్చు. ఎస్ఐని నేరుగా ఈ ఒక్క మాట అడగండి: "సార్, గది శుభ్రం చేయించుకోవచ్చా?" రాతపూర్వకంగా ఇస్తే మంచిది, ఇవ్వకపోతే ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు సరే అన్నారో రాసిపెట్టుకుని, అదే విషయం ఆ అధికారికి ఒక మెసేజ్ పెట్టండి. "మీరు చెప్పిన ప్రకారం రేపు శుభ్రం చేయిస్తున్నాం సార్" అని ఒక్క లైన్ చాలు. అనుమానం ఉన్న కేసుల్లో ఇది మిమ్మల్ని కాపాడుతుంది. ఇంట్లోంచి పోలీసులు ఏమైనా తీసుకెళ్లి ఉంటే, ఫోనో, డైరీయో, మందుల డబ్బానో, వాటి జాబితా కూడా అప్పుడే అడిగి తీసుకోండి. తర్వాత "ఉంగరం ఏమైంది" అని బంధువుల్లో గొడవలు మొదలయ్యేది ఇక్కడే.

గది మూసేయండి, ఏమీ చేయకండి

మన చేతులు ఊరుకోవు. వాసన వస్తోందని ఫ్యాన్ వేస్తాం, ఏసీ వేస్తాం, ఫినాయిల్ కుమ్మరిస్తాం, అగరొత్తులు వెలిగిస్తాం. ఇవేవీ చేయకండి. స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే మళ్లీ మళ్లీ లాగి వదులుతుంది, దాంతో వాసన దాని లోపలి ఫిన్స్‌కీ ఫిల్టర్‌కీ పట్టేసి తర్వాత దాన్ని కూడా విప్పి కడిగించాల్సి వస్తుంది. ఆ గది ఏసీ, ఫ్యాన్ రెండూ ఆపేయండి. దోమతెర ఉన్న కిటికీ ఉంటే అది తెరిచి, గది తలుపు మూసి, తలుపు కింద సందులో తడి తువ్వాలు పెట్టండి. ఈగలు హాల్లోకి రాకుండా అదే ఆపుతుంది.

నీళ్లు అస్సలు పోయకండి. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే మా ఇంట్లో ఖర్చు పెరిగింది ఇక్కడే. పైకి చూస్తే పరుపు మీద మరక ఒక దిండంత ఉంది. శుభ్రం చేసేవాళ్లు దూది పరుపు ఎత్తితే, కింద ప్లైవుడ్ మీద అది రెండింతలు ఉంది. ప్లైవుడ్ రెండు పలకలు కలిసే చోట సన్నగా కిందికి కారి, తాండూరు బండ మీద నల్లగా గీతలా ఎండిపోయింది. పది నిమిషాల్లో పోసిన బకెట్టు నీళ్లు ఆ గీతను పలచన చేసి, బండల సందుల్లోంచి, గోడ పక్క స్కర్టింగ్ కిందికి తోసేశాయి. విట్రిఫైడ్ టైల్ అయితే పైన నిలుస్తుంది, తుడిస్తే పోతుంది. తాండూరు, షాబాద్ బండలు, పాలరాయి, టైళ్ల మధ్య సిమెంటు సందులు పీల్చేసుకుంటాయి. వేడినీళ్లు ఇంకా చెడ్డ, రక్తాన్ని అక్కడే గడ్డకట్టించి మరకను పట్టి ఉంచుతాయి.

ప్రాణాల మీదికి వచ్చేది ఇంకోటుంది. బ్లీచింగ్‌నీ బాత్రూమ్ యాసిడ్‌నీ ఎప్పుడూ కలపకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన గదిలో అది ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. "రెండూ వేస్తే బాగా పోతుంది" అని సలహా ఇచ్చే మనిషి ప్రతి అపార్ట్‌మెంట్‌లో ఒకరుంటారు, వినకండి.

వంటింట్లో గ్యాస్ సిలిండర్ కట్టేయండి. ఫ్రిజ్ ఆపకండి, లోపల కూరగాయలు కుళ్లితే ఇంకో వాసన మొదలవుతుంది. కుక్కో పిల్లో ఉంటే ఎవరింటికైనా పంపించండి. అంతే, తాళం వేసి బయటికి రండి.

వాచ్‌మన్ భార్యని పిలవొద్దు, అన్నయ్యని కూడా వద్దు

రెండు వేలిస్తే చేసేస్తారు అని అసోసియేషన్‌లో ఎవరో ఒకరు అంటారు. మున్సిపల్ పారిశుద్ధ్య కార్మికుల్ని పిలుద్దామంటారు. డబ్బు అవసరమున్న మనిషి కాదనలేరు, అదే ఇందులో అన్యాయం. ఎండిన రక్తంలో హెపటైటిస్ బి వైరస్ కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. చేతికి చిన్న గీత ఉన్నా, పాత్రలు తోమి తోమి పగిలిన వేళ్లయినా చాలు. మీరు పనికి పెట్టిన మనిషికి ఏ రక్షణ ఇస్తున్నారన్నది మీరు జవాబు చెప్పుకోవాల్సిన విషయం.

ఇంటివాళ్లు చేయడం ఇంకో రకంగా తప్పు. "మా నాన్న కదా, నేనే చేస్తా" అనే కొడుకుని నేను అర్థం చేసుకోగలను. కానీ మనిషి బతికున్న రూపాన్ని ఆ మరక మింగేస్తుంది, ఆ తర్వాత ఏళ్ల తరబడి నాన్న అనగానే అదే గుర్తొస్తుంది. చేయాలనిపిస్తే బట్టలు సర్దండి, పుస్తకాలు సర్దండి. ఆ గది మాత్రం వేరేవాళ్లకి వదలండి.

ఫోన్ చేసే ముందు ఒక కాగితం తీసుకోండి

కుటుంబంలో ఎవరో ఒకరు, కాస్త దూరపు చుట్టమైతే మంచిది, గుమ్మం దగ్గర నిలబడి ఫోటోలు తీయాలి. లోపలికి వెళ్లక్కర్లేదు. ఆ ఫోటోలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి, పిల్లల ఫోన్‌లలోకి వెళ్లకూడదు, పని అయ్యాక తీసేయండి. కాగితం మీద ఇవి రాసుకోండి: మనిషి పోయి ఎన్ని రోజులకు తెలిసింది, ఇప్పటికి ఎన్ని రోజులైంది, గది సుమారు ఎన్ని అడుగులు, నేల ఏమిటి, మంచం చెక్కదా ఇనపదా, పరుపు దూదా ఫోమా, గోడకి తగిలిందా, పైన ఫాల్స్ సీలింగ్ ఉందా, బాత్రూమ్ అందులోనే ఉందా, ఏ అంతస్తు, లిఫ్టులో మంచం పడుతుందా. కింది ఫ్లాట్ వాళ్ల సీలింగ్ మీద చెమ్మ ఏమైనా కనిపించిందేమో ఒకసారి అడగండి, అది చాలామంది మర్చిపోతారు. ఇప్పటికే ఎవరైనా ఏదైనా పోసి ఉంటే (ఫినాయిల్, బ్లీచింగ్, యాసిడ్) దాచకుండా రాయండి, వచ్చినవాళ్లు దాని మీద ఇంకో రసాయనం వేస్తే ప్రమాదం.

రెండో కాగితం మీద, ఆ గదిలోంచి తప్పకుండా దొరకాల్సినవి రాయండి. బీరువా తాళాలు, ఇంటి దస్తావేజులు, బ్యాంకు పాస్‌బుక్కులు, ఎల్ఐసీ బాండ్లు, పెన్షన్ కాగితాలు, ఆధార్, కళ్లజోడు, చేతి గడియారం, మెడలో గొలుసు ఉంటే అది. డబ్బుకి విలువలేనివి కూడా రాయండి. మా తమ్ముడు డాలస్ నుంచి అడిగింది ఒక్కటే, పెదనాన్న మందులు వారానికి సరిపడా వేసుకునే గళ్ల డబ్బా. సోమ, మంగళ, బుధ గళ్లు ఖాళీ, గురువారం నుంచి నిండుగా ఉన్నాయి. ఆయన పోయింది బుధవారం రాత్రో గురువారం పొద్దునో అన్నది మాకు దానివల్లే తెలిసింది. తిథికి అదే ఆధారమైంది. ముందుగా చెప్పి ఉండకపోతే అది చెత్త సంచిలోకి పోయేది. మరక అంటిన కాగితాలను కూడా పారేయొద్దని చెప్పండి, ప్లాస్టిక్ కవర్లో వేసి ఫోటో తీస్తే సరిపోతుంది చాలాసార్లు.

అద్దె ఇల్లయితే యజమానికి మీరే చెప్పండి, పక్కింటివాళ్ల నోట వినకూడదు. ఎవరు డబ్బు కడతారో, ఎవరు సరే అనాలో ఒక్కరినే తేల్చుకోండి. అసోసియేషన్‌కి రోజు, సమయం, లిఫ్టు సంగతి ముందే చెప్పండి. మధ్యాహ్నం పెట్టుకుంటే స్కూలు పిల్లలు మెట్ల మీద ఉండరు.

పెద్దవాళ్లతో మాట్లాడాల్సింది

మన ఇళ్లలో ఇది లేకుండా జరగదు. పోయిన చోట దీపం పెట్టాలి, పదకొండో రోజు దాకా కదపకూడదు అంటారు. ధనిష్ఠా పంచకంలో పోతే ఇల్లు నెలల తరబడి మూసేయాలంటారు. వాళ్ల మాటని తోసేయకండి, కానీ ఒక్కటి అర్థమయ్యేలా చెప్పండి: శుభ్రం చేయకుండా మూసేస్తే, ఆ నెలల్లో బండలు, చెక్క, గోడ అన్నీ పీల్చుకుంటాయి, పురుగు పడుతుంది, పక్క ఫ్లాట్‌కి పాకుతుంది. ముందు శుభ్రం, తర్వాత తాళం. మా పురోహితుడు గారిని అడిగితే దీపం హాల్లో పెట్టుకోవచ్చన్నారు, పుణ్యాహవచనం గది తయారయ్యాకే చేద్దామన్నారు. ఆయన నోటివెంట వచ్చాక మా మేనత్త ఇంకేం మాట్లాడలేదు. మీరూ ముందు పంతులుగారినే అడగండి, సగం పని తేలికవుతుంది.

ఇప్పుడు ఫోన్

మన దగ్గర దీనికోసమే ఉన్న సంస్థలు తక్కువ. ఎక్కువగా డీప్ క్లీనింగ్ వాళ్లూ, పెస్ట్ కంట్రోల్ వాళ్లూ ఈ పని కూడా చేస్తామంటారు. గూగుల్‌లో తెలుగులో వెతికితే పెద్దగా దొరకవు, బయోహజార్డ్ క్లీనింగ్, క్రైమ్ సీన్ క్లీనింగ్, ట్రామా క్లీనింగ్, అన్‌అటెండెడ్ డెత్ అని వెతకండి. కనీసం ముగ్గురికి చేయండి. ఫోన్ ఎత్తగానే కథంతా చెప్పాల్సిన పనిలేదు, గొంతు పట్టేస్తుంది. ఇలా చెప్పండి: "ఇంట్లో పెద్దాయన చనిపోయారు, నాలుగు రోజుల తర్వాత తెలిసింది. పోలీసుల పని అయిపోయింది. పడకగది ఒకటి, తాండూరు బండలు, చెక్క మంచం, మూడో అంతస్తు. మీరు ఇలాంటివి చేస్తారా?" చేస్తాం అంటే మాత్రమే మిగతావి.

అడగాల్సినవి అడగండి, సిగ్గుపడకండి. వచ్చే మనుషులు ఏం వేసుకుంటారు? ఒళ్లంతా కప్పే సూటు, మాస్కు, రెండు జతల గ్లౌజులు, బూట్లు అని చెప్పాలి. వాళ్లకి హెపటైటిస్ బి టీకా వేయించారా? ఏ మందు వాడతారు, ఎంతసేపు ఉంచుతారు? రక్తం ఉన్న చోట 1 శాతం సోడియం హైపోక్లోరైట్ (బ్లీచ్ ద్రావణం) లాంటిది వేసి కాసేపు నాననివ్వాలి, వేసి వెంటనే తుడిస్తే పనిచేయదు. పని తెలిసినవాళ్లు మట్టి, మరక ముందు తీసి తర్వాత మందు వేస్తామని వాళ్లే చెప్తారు. తాండూరు బండ మీద ఏం చేస్తారు, పోకపోతే బండ లేపుతారా? వాసనకి ఏం చేస్తారు? సెంటు కొడతాం అంటే ఫోన్ పెట్టేయండి. ఓజోన్ మెషిన్ పెడతాం అంటే, ఆ గంటల్లో ఇంట్లో మనిషి కానీ పెంపుడు జంతువు కానీ ఉండకూడదని వాళ్లే చెప్పారా లేదా చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం చెత్త. "పరుపు ఎక్కడికి వెళ్తుంది?" అని అడిగి ఆగండి. మున్సిపాలిటీ చెత్త ఆటోలో వేస్తామంటేనో, ఊరి బయట పడేస్తామంటేనో, మీ ఇంటి ప్రమాదాన్ని ఇంకో కార్మికుడి చేతుల్లో పెడుతున్నట్టు. రక్తం, శరీర ద్రవాలు అంటిన ఆసుపత్రి చెత్తని 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనల ప్రకారం పసుపు సంచిలో కట్టి, దాన్ని కాల్చే ఉమ్మడి కేంద్రానికి పంపుతారు. ఇంట్లోంచి తీసినవాటిని కూడా అలాంటి కేంద్రానికి పంపే ఏర్పాటు ఉన్నవాళ్లనే ఎంచుకోండి, రసీదు ఇస్తారా అని అడగండి. నేను మాట్లాడిన ముగ్గురిలో ఒకరు ఈ ప్రశ్నకి "అది మీకెందుకు మేడమ్" అన్నారు. వాళ్లని వదిలేశాను.

చూడకుండా ఫోన్‌లోనే ఒక ధర చెప్పి మొత్తం అడ్వాన్స్ వేయమంటే వద్దు. ఫోటోలు చూసి లేదా వచ్చి చూసి, ఏ పనికి ఎంతో విడివిడిగా వాట్సాప్‌లోనైనా రాసివ్వాలి: శుభ్రం, మంచం పరుపు తీసేయడం, బండ లేపాల్సి వస్తే అది, వాసన పని, చెత్త. మిగతా డబ్బు ఎప్పుడివ్వాలో ముందే చెప్పుకోండి. మేము గది రెండు రోజులు కిటికీలు, తలుపు అన్నీ మూసి, మూడో రోజు తెరిచి వాసన చూశాకే ఇచ్చాం. మూసి చూడకపోతే తేడా తెలియదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇలాంటిది అక్కడే జరిగితే వరస కొంచెం మారుతుంది. ముందు ఇంటి ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేసి, క్లెయిమ్ నంబరు తీసుకుని తర్వాత సంస్థతో మాట్లాడండి, చాలా పాలసీల్లో ఈ ఖర్చు వస్తుంది. నేరం వల్ల జరిగితే ఆ రాష్ట్రపు బాధితుల పరిహార కార్యాలయాన్ని అడగండి. కాలిఫోర్నియాలో ఈ పని చేసేవాళ్లు రాష్ట్ర ఆరోగ్య శాఖ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, ఆ నంబరు అడిగే హక్కు మీకుంది.

వాళ్లు వచ్చే రోజు

ఒక్కరే ఉండండి, గుమ్మం బయట. తాళాలు, రెండు కాగితాలు, నీళ్ల సీసా, ఫోన్ ఛార్జర్. అమ్మానాన్నల్ని, పిల్లల్ని ఆ రోజు వేరే ఇంట్లో ఉంచండి. విదేశాల్లో ఉన్నవాళ్లు వీడియో కాల్‌లో చూస్తామంటారు, పని అయ్యాకే చూపించండి. దొరికిన ప్రతిదీ బయట ఒక ట్రేలో పెట్టించి జాబితాతో సరిచూసుకోండి. వెళ్లే ముందు మంచం ఉన్న చోటు, స్కర్టింగ్, బండల సందులు, తలుపు వెనక టార్చి వేసి చూడండి.

తర్వాత చాలా రోజులు నిద్ర పట్టదు, అన్నం దగ్గర వాసన గుర్తొస్తుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 రోజంతా పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నేను రాత్రి రెండింటికి చేశాను.

చివరి సంగతి, అప్పటికే ఎవరైనా ఉత్త చేతులతో ముట్టుకుని ఉంటే. చేతులు పారే నీళ్ల కింద సబ్బుతో కడిగించండి, గీతలున్నాయా చూడండి, కంట్లో పడిందా అడగండి, అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. హెపటైటిస్ బి టీకా ఎంత త్వరగా వేస్తే అంత మంచిది, 24 గంటల లోపు అయితే ఇంకా మంచిది. హెచ్ఐవీ మందులు అవసరమా అన్నది డాక్టరే చెప్తారు, అవసరమైతే 72 గంటల లోపే మొదలుపెట్టాలి. ఖర్చు మీదే, ఆ మనిషిది కాదు. మా వాచ్‌మన్ భార్యని ఆ సాయంత్రమే ఆటోలో తీసుకెళ్లాను. "ఇంత దానికి సూదెందుకమ్మా" అంటూనే చెయ్యి చాపింది. రెండో డోసు నెలకి, మూడోది ఆరు నెలలకి. ఆ రెండు తేదీలూ నా ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను, రెండుసార్లూ నేనే వెంట వెళ్లాను.